నదిని విడిపించిన ముక్కు పురుగు



ముక్కు పురుగు అనగానే మనందరికీ ముందు గుర్తొచ్చేది బియ్యం. బియ్యం చేటలో పోసి చెరిగితే ముందుకు సాగిన సూదిలాంటి ముక్కుతో గబగబా నడిచే పురుగులు అవే. ఎండలో పోస్తే నీడ వెతుక్కుంటూ పరుగెత్తుతాయి. వాటి పేరు చెబితేనే మనకు చిరాకు. కానీ ముక్కు పురుగులన్నీ ఒకే జాతి కాదు. ఇప్పటివరకు శాస్త్రజ్ఞులు యాభై వేలకు పైగా జాతులను గుర్తించి పేర్లు పెట్టారు. బియ్యపు గింజలో పుట్టేది ఒకటి. మామిడి టెంకలో పెరిగేది ఒకటి. కొబ్బరి మానును తొలిచే ఎర్ర ముక్కు పురుగు ఇంకొకటి. ఒక్కో జాతికి ఒక్కో తిండి, ఒక్కో ఇల్లు.

ఈసారి నేను రాస్తున్నది మనలో ఎవరూ చూడని ఒక ముక్కు పురుగు గురించి. అది మన గింజలు తినదు. నీటి మీద తేలే ఒకే రకం మొక్కను తింటుంది. ఒక పెద్ద నది ఒడ్డున అడవినీ నీటినీ నమ్ముకొని బతికే వేలమంది జనానికి దారి మూసుకుపోతే, ఆ దారి తెరిచింది ఈ పురుగే. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

పురుగు ఎలా ఉంటుంది?

దీని శాస్త్రీయ నామం సిర్టోబేగస్ సాల్వినియే. పేరు పొడవు, పురుగు పొట్టి. పెద్ద పురుగు పొడవు సుమారు 2 మిల్లీమీటర్లు, అంటే బియ్యపు గింజలో మూడో వంతు. గూడు విడిచి వచ్చిన కొత్తలో గోధుమ రంగులో ఉండి, తర్వాత నల్లబడుతుంది. పక్కన నేను గీసిన బొమ్మ అసలు పురుగుకంటే ఎన్నో రెట్లు పెద్దది. దాన్ని చూసి ఏదో పెద్ద పేడపురుగు అనుకోకండి.

ఇది నీటిలో మునిగినా చావదు. మునిగేటప్పుడు కడుపు కింద పలచని గాలి పొరను పట్టుకొని పోతుంది. ఆ గాలితోనే ఊపిరి పీలుస్తుంది. ఎక్కువ కాలం మొక్క మొగ్గల్లోనో, ఆకుల అడుగునో, కిందికి వేలాడే పీచుల్లోనో దాగి ఉంటుంది.

ఆడ పురుగు మొక్క మీద చిన్న గుంట కొరికి అందులో ఒక్కొక్క గుడ్డే పెడుతుంది. పది రోజులకు అటూ ఇటూగా తెల్లటి పిల్ల పురుగు బయటికి వస్తుంది. ముందు మొగ్గను తిని, తర్వాత కాడలోకి దూరి, లోపల సొరంగం చేసుకుంటూ పోతుంది. మూడు నాలుగు వారాలు ఇదే పని. తర్వాత నీటి అడుగున వేలాడే పీచులతో గూడు అల్లుకొని, అందులో రూపం మార్చుకొని పెద్ద పురుగై వస్తుంది.

పెద్ద పురుగు మొగ్గను తింటే కొత్త ఆకు రాదు. పిల్ల పురుగు కాడను తొలిస్తే ఉన్న ఆకు నిలవదు. రెండు వైపులా దెబ్బే. ముందు మొక్క గోధుమ రంగుకు తిరుగుతుంది. తర్వాత నీరు పట్టి, కుళ్ళి, మునిగిపోతుంది.

దాని ఇల్లు: సాల్వీనియా

ఈ పురుగుకు ఇల్లూ తిండీ ఒక్కటే, సాల్వీనియా మొలెస్టా అనే నీటి మొక్క. లాటిన్ భాషలో మొలెస్టా అంటే బాధ పెట్టేది అని అర్థం. ఇది ఫెర్న్ జాతి. పువ్వు పూయదు, కాయ కాయదు.

ఈ మొక్కలో వింతలు రెండు ఉన్నాయి. మొదటిది, దీనికి నిజమైన వేరు లేదు. నీటిలోకి కుచ్చులా వేలాడేది వేరు అనుకుంటాం గానీ, అది కూడా ఆకే. ప్రతి కణుపు దగ్గర మూడు ఆకులుంటాయి. రెండు నీటి మీద తేలుతాయి, మూడోది పీచులు పీచులుగా చీలి నీటిలోకి దిగుతుంది. రెండోది, తేలే ఆకుల మీద సన్నని వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక పైన నాలుగుగా చీలి, ఆ నాలుగు కొసలూ మళ్ళీ కలుసుకుంటాయి. అచ్చం మజ్జిగ చిలికే కవ్వం లాగా. వీటి వల్ల ఆకు తడవదు. నీటిలోకి నొక్కినా మళ్ళీ పొడిగా పైకి లేస్తుంది.

ఇది విత్తనంతో పెరగదు. ముక్క విరిగితే ముక్క బతుకుతుంది. వేడి, ఎరువు బాగా దొరికిన నీటిలో రెండు మూడు రోజుల్లో రెట్టింపు అవుతుంది. మూడు రోజులకు రెట్టింపు అనుకొని నేను లెక్క వేశాను. ఒక్క మొక్క నెలకు 1,024 మొక్కలవుతుంది. రెండు నెలలకు 10,48,576. నమ్మకం లేని వాళ్ళు పలక తీసుకొని రెండుతో ఇరవై సార్లు గుణించి చూడండి. అంత వేగం ఎప్పుడూ సాగదనుకోండి. జాగా నిండాక మొక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, మీటరు మందం వరకు చాపలా పేరుకుంటాయి. ఆ చాప కింద వెలుతురు ఉండదు, గాలి కరగదు, చేపలు బతకవు.

ఇల్లు విడిచిన మొక్క

సాల్వీనియా పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని బ్రెజిల్ దేశపు ఆగ్నేయ భాగం. అక్కడ ఇది ఎవరినీ పెద్దగా బాధ పెట్టదు. దాన్ని తినే పురుగులు అక్కడే ఉన్నాయి గనక అదుపులో ఉంటుంది. చూడ్డానికి బాగుందని చెరువుల్లో, చేపల తొట్లలో పెంచడానికి మనుషులు దాన్ని దేశాలు దాటించారు. మొక్క సముద్రం దాటింది, దాన్ని తినే పురుగు దాటలేదు. కష్టమంతా అక్కడే మొదలైంది.

శ్రీలంకకు 1939లో కొలంబోలో వృక్షశాస్త్రం చదువు కోసం తెచ్చారు. కొన్నేళ్ళకే అది పొలాల్లోకి, కాలువల్లోకి పాకింది. ఆఫ్రికాలో జాంబెజి నది మీద కరీబా ఆనకట్ట కట్టి 1958లో నీరు నిలపడం మొదలుపెట్టారు. 1962 నాటికి ఆ జలాశయంలో సుమారు 1,000 చదరపు కిలోమీటర్ల మేర ఈ మొక్క కప్పేసింది.

సెపిక్ నది మీద కష్టం

ఆస్ట్రేలియాకు ఉత్తరాన పాపువా న్యూగినీ అనే దేశం ఉంది. ఎనిమిది వందలకు పైగా భాషలున్న దేశం అది. కొండలు దాటితే భాష మారుతుంది. అక్కడ సెపిక్ అనే నది 1,100 కిలోమీటర్లకు పైగా ప్రవహిస్తుంది. మన గోదావరి 1,465 కిలోమీటర్లు, అంటే దానికంటే కొంచెం చిన్న నది. పల్లంలో ఈ నది మెలికలు తిరుగుతూ, రెండు పక్కలా ఎన్నో మడుగులను నింపుతుంది. ఊళ్ళన్నీ ఆ నీటి ఒడ్డునే. రోడ్డు లేదు, పడవే దారి.

వాళ్ళకు చేప, సగ్గు పిండి ముఖ్యమైన తిండి. సగ్గు చెట్టు మానును కొట్టి, లోపలి గుజ్జును నలిపి, కడిగి పిండి తీస్తారు. కొండరెడ్ల పల్లెల్లో జీలుగు మాను కొట్టి పిండి తీసే పద్ధతి తెలిసిన వాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది. ఆ చెట్ల దగ్గరికి పోవాలన్నా, చేపలు పట్టాలన్నా, సంతకు పోవాలన్నా, పిల్లలు బడికి పోవాలన్నా, రోగిని ఆసుపత్రికి చేర్చాలన్నా పడవ ఎక్కాల్సిందే.

1970ల మొదట్లో ఆ నీటిలోకి ఎలాగో కొన్ని సాల్వీనియా మొక్కలు చేరాయి. 1979 నాటికి సుమారు 80 చదరపు కిలోమీటర్లు కప్పాయి. తర్వాత అది 250 చదరపు కిలోమీటర్ల దాకా పెరిగింది. పడవ ముందుకు కదలదు. తెడ్డు వేస్తే తెడ్డుకు మొక్కలే చుట్టుకుంటాయి. వల వేస్తే వలనిండా మొక్కలే. ఒక వైపు చేతులతో తీస్తే గాలికి ఇంకో వైపు నుంచి కొట్టుకొస్తాయి. బతకలేక ఊరు వదిలి పోయిన వాళ్ళూ ఉన్నారు.

మన పల్లెల్లో వాగు పొంగితే రెండు రోజులు దారి ఉండదు. మూడో రోజు వాగు తగ్గుతుంది. వాళ్ళకు దారి మూసింది తగ్గిపోయే వరద కాదు, రోజురోజుకూ పెరిగే మొక్క. ఈ తేడా ఆలోచించండి.

ఒకేలా ఉన్న రెండు మొక్కలు, రెండు పురుగులు

ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది ఈ భాగం.

మొక్క వేరే దేశం నుంచి వచ్చిందని అందరికీ తెలుసు. పుట్టింటికి పోయి, దాన్ని తినే పురుగును వెతికి తేవాలన్న ఆలోచన కూడా శాస్త్రజ్ఞులకు వచ్చింది. మరి ఆలస్యం ఎందుకు జరిగింది? మొక్క పేరు పొరపాటు పడ్డారు. సాల్వీనియా ఆరిక్యులేటా అని ఇంకో జాతి ఉంది. దాని ఆకుల మీద కూడా కవ్వం లాంటి వెంట్రుకలే. అందుకని రెండూ ఒకటే అనుకున్నారు. ఆ రెండో జాతి పెరిగే చోట్లకు, ట్రినిడాడ్ దీవి వంటి చోట్లకు పోయి, దాని మీద బతికే ముక్కు పురుగును పట్టారు. దాని పేరు సిర్టోబేగస్ సింగులారిస్. 1970లలో దాన్ని ఆఫ్రికాలో వదిలారు. పురుగు బతికింది గానీ సాల్వీనియా తగ్గలేదు.

1972లో మిచెల్ అనే శాస్త్రజ్ఞుడు ఇది వేరే జాతి అని చూపి సాల్వీనియా మొలెస్టా అని పేరు పెట్టాడు. తేడా పైకి కనిపించే ఆకుల్లో లేదు, నీటిలో మునిగి ఉండే బీజకోశాల అమరికలో ఉంది. సరైన పేరు వచ్చాక సరైన పుట్టిల్లు వెతకడం మొదలైంది. 1978లో ఆస్ట్రేలియాకు చెందిన వెండీ ఫోర్నో, కెన్ హార్లే ఆగ్నేయ బ్రెజిల్‌లో ఆ మొక్క సహజంగా పెరిగే చోటు కనుగొన్నారు. అక్కడ దాని మీద ఒక నల్ల ముక్కు పురుగు దొరికింది.

చూడ్డానికి అది కూడా సింగులారిస్ లాగే ఉంది. అందరూ అదే పురుగు అనుకున్నారు. కానీ తినే తీరు వేరు. సింగులారిస్ పెద్ద పురుగు ఆకులు తింటుంది, దాని పిల్ల పురుగు పైపైన తింటుంది. ఆకు పోతే మొక్క ఇంకో ఆకు వేసుకుంటుంది. బ్రెజిల్ పురుగు మొగ్గను తింటుంది, దాని పిల్ల కాడ లోపల తొలుస్తుంది. మొక్క ప్రాణం మొగ్గలోనూ కాడలోనూ ఉంది. అదీ సంగతి.

పేరు పెట్టకముందే పని

బయటి దేశపు పురుగును తెచ్చి ఊరికే వదలకూడదు. అది ఇతర పంటల మీద పడుతుందేమో ముందు చూడాలి. ఆస్ట్రేలియాలో రకరకాల మొక్కల మీద దీన్ని పెట్టి పరీక్షించారు. సాల్వీనియా తప్ప వేరే వాటి మీద ఇది సంతానం పెంచుకోలేదు.

తర్వాత 1980 జూన్‌లో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని మూన్‌డారా సరస్సులో సుమారు 1,500 పురుగులను వదిలారు. ఆ సరస్సులో సుమారు 2 చదరపు కిలోమీటర్ల మేర మొక్క పేరుకొని ఉంది. బరువు 18,000 టన్నులు. లారీకి పది టన్నుల చొప్పున అయితే 1,800 లారీల సరుకు. ఏడాది దాటి కొద్ది నెలలకే అదంతా మునిగిపోయింది. బియ్యపు గింజలో మూడో వంతు ఉన్న పురుగులు చేసిన పని ఇది.

ఇంకో విశేషం ఏమిటంటే, అప్పటికి ఆ పురుగుకు తన పేరు లేదు. ఇది సింగులారిస్ కాదు, వేరే కొత్త జాతి అని తేల్చి, కాల్డర్, శాండ్స్ అనే ఇద్దరు 1985లో సిర్టోబేగస్ సాల్వినియే అని పేరు పెట్టారు.

కలుపుకు యూరియా!

1982లో ఆ పురుగును సెపిక్ ప్రాంతానికి తెచ్చారు. మొదట అక్కడ అది వృద్ధి కాలేదు. కారణం వెతికితే తెలిసింది, అక్కడి సాల్వీనియాలో నత్రజని తక్కువ. సారం లేని మేత మేసిన మేక పాలివ్వనట్టు, సారం లేని మొక్క తిన్న పురుగు పెరగలేదు.

అప్పుడు శాస్త్రజ్ఞులు ఏం చేశారో తెలుసా? కొంత సాల్వీనియాకు యూరియా వేశారు! కలుపుకు ఎరువు వేసే రైతును మనం చూశామా? కానీ ఎరువుతో మొక్కలో నత్రజని పెరిగింది, పురుగులు ఒక్కసారిగా పెరిగాయి. సంఖ్య ఒక స్థాయి దాటాక యూరియా అవసరం లేకపోయింది. పురుగు కొరికిన మొక్క వేసే కొత్త చిగుళ్ళలో నత్రజని ఎక్కువగా ఉంటుంది. అదే వాటికి మంచి తిండి.

తర్వాత పురుగు పట్టిన మొక్కలనే బస్తాల్లో నింపి, ఊళ్ళవాళ్ళ సాయంతో ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకు చేర్చారు. 1985 నాటికి 250 చదరపు కిలోమీటర్ల సాల్వీనియా సుమారు 2 చదరపు కిలోమీటర్లకు తగ్గింది. నశించిన మొక్క బరువు సుమారు 20 లక్షల టన్నులు. మళ్ళీ పడవలు కదిలాయి. వలల్లో చేపలు పడ్డాయి.

మన దేశంలో

సాల్వీనియా మన దేశానికీ వచ్చింది. కేరళలో దీన్ని ఆఫ్రికన్ పాయల్ అంటారు. సముద్ర మట్టం కంటే పల్లంగా ఉండే కుట్టనాడు వరి పొలాల్లో, కాలువల్లో ఇది నిండిపోయింది. నాట్లకు ముందు దీన్ని తీయించడానికే రైతులకు కూలి ఖర్చు అయ్యేది. బోదకాలు వ్యాధిని మోసే ఒక రకం దోమకు కూడా ఇటువంటి తేలే మొక్కలే ఆశ్రయం.

ఆస్ట్రేలియా నుంచి ఈ పురుగును 1982లో బెంగుళూరు తెప్పించి, పరీక్షించి, అక్కడి ఒక కలువల కొలనులో వదిలారు. పదకొండు నెలల్లో కొలను శుభ్రపడింది. తర్వాత కేరళలో వదిలారు. అక్కడా కొన్నేళ్ళలో మంచి ఫలితం వచ్చింది. శ్రీలంకకు 1986లో తీసుకుపోయారు. అక్కడ లెక్క కట్టి చూస్తే, పెట్టిన ఖర్చుకు యాభై రెట్లకు పైగా లాభం వచ్చింది.

మన తెలుగు ప్రాంతపు కాలువల్లో, కొల్లేరులో పేరుకునే గుర్రపు డెక్క మీద కూడా ముక్కు పురుగులు పనిచేస్తాయి. అవి నియోకెటినా అనే వేరే జాతులు. గుర్రపు డెక్క కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. ఆ పురుగులను కూడా 1980లలో మన దేశానికి తెప్పించారు. గుర్రపు డెక్క ఆకుల మీద చిన్న చిన్న చదరపు గాట్లు కనిపిస్తే అవి ఆ పురుగు కొరికిన గుర్తులు. సెలవులకు పోయినప్పుడు కాలువ కనిపిస్తే చూడండి. నీటిలోకి మాత్రం దిగొద్దు.

అయితే అన్ని పురుగులనూ తేవచ్చా?

తేకూడదు. చెరకు పురుగులను తింటుందని 1935లో ఆస్ట్రేలియాకు ఒక పెద్ద కప్పను తెచ్చారు. అది చెరకు పురుగులను తగ్గించలేదు సరికదా, దొరికినదల్లా తిని, తన విషంతో అక్కడి జంతువులను చంపి, తానే పెద్ద పీడ అయ్యింది. అన్ని రకాలూ తినే జీవిని నమ్మరాదు. ఒక్క మొక్కనే తినేదని పరీక్షలో తేలిన దాన్నే నమ్మాలి.

ఈ ముక్కు పురుగుకూ హద్దులున్నాయి. గడ్డ కట్టే చలిలో చస్తుంది. అందుకే చలి ఎక్కువగా పడే చోట్ల సరస్సుల్లో మళ్ళీ మళ్ళీ వదలాల్సి వస్తోంది. సాల్వీనియాను పూర్తిగా నిర్మూలించదు కూడా. కొంచెం మొక్క, కొన్ని పురుగులు మిగులుతాయి. మొక్క పెరిగితే పురుగులూ పెరుగుతాయి, మొక్క తగ్గితే పురుగులూ తగ్గుతాయి. మందు కొడితే ప్రతి ఏడూ కొట్టాలి. పురుగు తన పని తానే చేసుకుపోతుంది.

మనకు ఇందులో ఏముంది?

సెపిక్ జనం కష్టం పెరగడానికి ఒక కారణం రెండు మొక్కలను ఒకటే అనుకోవడం. తీరడానికి కారణం తేడాను కనిపెట్టడం. ఇది పెద్ద పుస్తకాల విషయం అనుకోనక్కరలేదు. అడవిలో దుంపలు తవ్వే మన అమ్మమ్మలు, తాతలు ఏం చేస్తారు? ఒకేలా కనిపించే తీగల్లో ఇది తినే దుంప, ఇది చేదు దుంప, ఇది ఉడికించి నీళ్ళు పారబోశాకే తినాలి అని ఆకు, కణుపు, ముల్లు చూసి చెబుతారు. మిచెల్ చేసిందీ అటువంటి పనే. ఆయన రాసి అచ్చు వేశాడు గనక లోకానికి తెలిసింది. మన పెద్దలకు తెలిసింది రాసిపెట్టిన వాళ్ళు తక్కువ. రాయడం నేర్చుకున్నది మనం. ఈ దసరా సెలవుల్లో ప్రతి ఒక్కరూ తమ ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి, ఒకేలా కనిపించే రెండు మొక్కల తేడా రాసుకొని రావాలని నా మనవి. మన భాషలో పేరు, తెలుగులో పేరు రెండూ రాయండి. వార్డెన్ సార్ ఒప్పుకుంటే వాటన్నిటినీ మన గోడ పత్రికలో పెడదాం.

చదివిన వాళ్ళకు అయిదు ప్రశ్నలు (జవాబులు పైనే ఉన్నాయి)

1. సాల్వీనియాకు వేరులా కనిపించేది నిజానికి ఏమిటి?
2. సింగులారిస్ పురుగు ఎందుకు ఓడిపోయింది?
3. కలుపు మొక్కకు యూరియా ఎందుకు వేశారు?
4. మూన్‌డారా సరస్సులో పురుగును వదిలిన ఎన్నేళ్ళకు దానికి పేరు పెట్టారు?
5. గుర్రపు డెక్క ఆకు మీద ముక్కు పురుగు గుర్తు ఎలా ఉంటుంది?